ప్రేక్షకులా, సంఘమా? ఒక లైవ్ ఆల్బమ్ నేర్పే పాఠం



మన సంఘాల్లో ఇద్దరు యౌవనస్థులు కలిస్తే మాట పాటల మీదికి వెళ్తుంది. ఏ బ్యాండ్ కొత్త ఆల్బమ్ తెచ్చింది, ఏ పాట స్టూడియోలో కంటే స్టేజీ మీద బాగుంది, ఏ ఊళ్లో ఎవరి షో ఉంది, టికెట్టు ఎంత. 2025 జనవరిలో ముంబయి, అహ్మదాబాద్ నగరాల్లో కోల్డ్‌ప్లే షోలు, ఆ మరుసటి నెలలో మన రామోజీ ఫిలిం సిటీలో ఎడ్ షీరన్ కచేరీ జరిగినప్పుడు ఈ ముచ్చట్లు ఇంకా ఎక్కువగా వినబడ్డాయి.

పెద్దలు దీనికి రెండు రకాలుగా స్పందిస్తారు. కొందరు "లోక సంగీతం" అని ఒక్క మాటలో కొట్టిపారేస్తారు. మరికొందరు పిల్లలు చేజారిపోతారన్న భయంతో మందిరంలోనే రంగురంగుల లైట్లు, పొగ, పెద్ద పెద్ద స్పీకర్లు పెట్టి, ఆ షో ఏదో ఇక్కడే చూపిద్దామంటారు. పైకి ఎదురెదురుగా కనబడే ఈ రెండు వర్గాలూ ఒక ప్రశ్న వదిలేస్తున్నాయి. ఒక ఆల్బమ్‌ను వందసార్లు వినే అభిమాని అందులో దేన్ని ప్రేమిస్తున్నాడు? అది తెలియకుండా అతణ్ణి గద్దించినా ప్రయోజనం లేదు, బుజ్జగించినా ప్రయోజనం లేదు.

అందుకే ఈ వారం ఒక ఆల్బమ్ గురించి వివరంగా రాస్తున్నాం. సంగీతం బాగా తెలిసినవాళ్లు, దేవుని నమ్మనివాళ్లతో సహా, ప్రపంచంలోని గొప్ప లైవ్ ఆల్బమ్‌లలో దీన్ని లెక్కిస్తారు. దాన్ని రికార్డు చేసింది స్టేడియంలో కాదు, ఒక బాప్టిస్టు మందిరంలో.

రెండు రాత్రులు

1972 జనవరి 13, 14 తేదీల్లో అమెరికాలోని లాస్ ఏంజెలస్ నగరం, వాట్స్ ప్రాంతంలో ఉన్న న్యూ టెంపుల్ మిషనరీ బాప్టిస్టు మందిరంలో అరీతా ఫ్రాంక్లిన్ పాడారు. వాట్స్ అప్పట్లో నల్లజాతి ప్రజలు ఎక్కువగా నివసించిన పేద ప్రాంతం. అంతకు ఆరేళ్ల ముందు, 1965లో, అక్కడ జరిగిన అల్లర్లలో 34 మంది చనిపోయారు. ఆ మందిరం కూడా పెద్ద కట్టడమేమీ కాదు, ఒకప్పటి సినిమా హాలు. ప్రసంగ వేదిక వెనుక గోడ మీద యొర్దాను నదిలో యేసు ఉన్న చిత్రం.

పియానో దగ్గర కూర్చొని కార్యక్రమాన్ని నడిపించినది రెవరెండ్ జేమ్స్ క్లీవ్‌లాండ్. వెనుక నిలబడినది సదరన్ కాలిఫోర్నియా కమ్యూనిటీ క్వాయర్, దానికి నాయకుడు అలెగ్జాండర్ హామిల్టన్. వారికి తోడు బెర్నార్డ్ పర్డీ డ్రమ్స్, చక్ రైనీ బేస్, కార్నెల్ డుప్రీ గిటార్. ఆ ఏడాది జూన్‌లో ఈ రెండు రాత్రుల పాటలు 'అమేజింగ్ గ్రేస్' పేరుతో రెండు రికార్డుల ఆల్బమ్‌గా వచ్చాయి. ఒక్క అమెరికాలోనే ఇరవై లక్షలకు పైగా అమ్ముడై, ఆమె జీవితమంతటిలో ఎక్కువగా అమ్ముడైన ఆల్బమ్‌గా నిలిచింది.

సినిమా కోసం కెమెరాలు కూడా తెచ్చారు. అయితే దర్శకుడు సిడ్నీ పొలాక్ బృందం ప్రతి షాట్ ముందు కొట్టవలసిన క్లాప్ కొట్టలేదు. దాంతో బొమ్మకూ శబ్దానికీ పొంతన కుదరలేదు. ఆ రీళ్లు దశాబ్దాల పాటు పెట్టెల్లో ఉండిపోయి, కంప్యూటర్ల సాయంతో సరిచేసిన తరువాత, 2018లో, అరీతా మరణించిన ఏడాదిలో ప్రజల ముందుకు వచ్చాయి. ఆ చిత్రం చూసినవారికి ఒక సంగతి వెంటనే తెలుస్తుంది. పాటకూ పాటకూ మధ్య ఆమె దాదాపు ఏమీ మాట్లాడరు. జనాన్ని ఉత్సాహపరచడం, చేతులెత్తమనడం, తన గురించి చెప్పుకోవడం లేవు. వచ్చారు, కళ్లు మూసుకున్నారు, పాడారు.

కాపరి కూతురు

అరీతా 1942లో పుట్టారు. తండ్రి సి. ఎల్. ఫ్రాంక్లిన్ డెట్రాయిట్ నగరంలోని న్యూ బెతెల్ బాప్టిస్టు సంఘానికి కాపరి. ఆయన ప్రసంగాలు రేడియోలో వచ్చేవి, రికార్డులుగా అమ్ముడుపోయేవి. పదేళ్లయినా నిండకముందే ఆమె తల్లిని పోగొట్టుకుంది. ఇంటికి వచ్చిపోయే అతిథుల్లో క్లారా వార్డ్, మహేలియా జాక్సన్ వంటి సువార్త గాయనులు ఉండేవారు. చిన్నతనంలో ఆమెకు సంగీతంలో దారి చూపినవారిలో జేమ్స్ క్లీవ్‌లాండ్ ఒకరు. పద్నాలుగేళ్ల వయసులో, 1956లో, తండ్రి సంఘంలో ఆమె పాడిన పాటలను రికార్డు చేశారు.

తరువాత ఆమె సినిమా పాటల వంటి, ప్రేమ పాటల వంటి లోక సంగీతంలోకి వెళ్లారు. 1967 నాటికి ఆమె గొంతు తెలియని ఇల్లు అమెరికాలో లేదన్నంత పేరు వచ్చింది. సంఘంలో కొందరు నొచ్చుకున్నారు. ఆ మాట వాట్స్ మందిరంలో రెండవ రాత్రి ఆమె తండ్రే లేచి ప్రస్తావించారు. అమ్మాయి సంఘానికి తిరిగి వచ్చినందుకు సంతోషమని ఎవరో అన్నారట. దానికి ఆయన ఇచ్చిన జవాబు, ఆమె సంఘాన్ని అసలు విడిచిపెట్టలేదని.

ఈ మాటతో ఏకీభవించనివారు మన పాఠకుల్లో ఉండవచ్చు. కానీ ఒక్క విషయం గమనించండి. కూతురు పేరు పెరిగినప్పుడు ఆ కాపరి ఆమెను వెలివేయలేదు, ఆమె పేరును చూసి సంఘాన్ని స్టేజీగా మార్చనూ లేదు. ఆమె పాడుతూ చెమటలు కారుతుంటే లేచి వెళ్లి, తువ్వాలుతో ముఖం తుడిచారు. ఆ దృశ్యం సినిమాలో ఉంది. పాటలంటే పిచ్చి ఉన్న పిల్లలు గల తల్లిదండ్రులు దాన్ని ఒకసారి చూడడం మంచిది.

లైవ్ రికార్డులో ఉండేదేమిటి?

స్టూడియోలో పాట రికార్డు చేసేటప్పుడు ఒక్కొక్క వాయిద్యాన్ని విడివిడిగా తీసుకోవచ్చు. తప్పు వస్తే మళ్లీ పాడవచ్చు. బయటి శబ్దం రాకుండా గదిని మూసేస్తారు. లైవ్ రికార్డులో ఆ భద్రత లేదు. గది గోడల నుండి తిరిగివచ్చే ధ్వని, జనం చప్పట్లు, దగ్గులు, కేకలు అన్నీ మైకుల్లో పడతాయి. అయినా అదంతా ముడిసరుకు అనుకోకూడదు. ఈ ఆల్బమ్ కోసం కూడా రెండు రాత్రుల్లోంచి ఏరి, కూర్చి, వరుస మార్చారు. ఆ రెండు రాత్రుల రికార్డింగులను పూర్తిగా 1999లో విడుదల చేశారు.

మరి అంత ఇబ్బంది ఉన్నా అభిమానులు లైవ్ ఆల్బమ్ కోసం ఎందుకు వెతుకుతారు? గాయకుడు ఒంటరిగా చేయలేనిది అందులో జరుగుతుంది కాబట్టి. ఈ ఆల్బమ్‌లో ఆమె ఒక మాట పట్టుకొని సాగదీస్తే, ఆ మాట పూర్తయ్యేలోపే జనంలోంచి ఎవరో "అవును" అంటారు. ఆ "అవును" విని ఆమె ఇంకొంచెం పైకి వెళ్తారు. క్వాయర్ అందుకుంటుంది. జనం లేస్తారు. వింటున్నవారు పాటను ముందుకు తోస్తున్నారు.

ఇది నల్లజాతి బాప్టిస్టు సంఘాల్లో తరతరాల అలవాటు. పాటల పుస్తకాలు కొనలేని, చదవడం నేర్చుకోనివ్వని బానిసత్వపు రోజుల్లో నాయకుడు ఒక చరణం ఇస్తే సంఘం దాన్ని అందుకొని నెమ్మదిగా సాగదీసి పాడేది. మనకిది కొత్త కాదు. మన పల్లె సంఘాల్లో ఉపదేశి ఒక వరుస పాడితే, పుస్తకం లేని తల్లులు దాన్ని తిరిగి పాడి పాటలు నేర్చుకున్నారు. బుర్రకథలో కథకుడికి వంత లేకపోతే కథ నడవదు. బైబిలులో 136వ కీర్తన చూడండి. అందులోని 26 వచనాల్లో ప్రతిదానికీ రెండవ సగం ఒకటే పల్లవి. ఒకరు చెబితే జనమంతా జవాబివ్వడానికి తగినట్టు రాసిన కీర్తన అది.

మొదటి రాత్రి ఆరంభంలోనే జేమ్స్ క్లీవ్‌లాండ్ వచ్చినవారికి ఒక సంగతి గుర్తుచేశారు. కెమెరాలున్నా, రికార్డింగు యంత్రాలున్నా ఇది మందిరమనీ, మనం ఆరాధనకు కూడుకున్నామనీ. రికార్డింగు కంపెనీ లాభం కోసమే అక్కడికి వచ్చిందన్నది నిజం. రెండవ రాత్రి రోలింగ్ స్టోన్స్ బ్యాండ్‌కు చెందిన మిక్ జాగర్, చార్లీ వాట్స్ కూడా వచ్చి వెనుక ఉన్నారన్నదీ నిజం. అయినా ఆ కూటం దేనికోసమో చెప్పేవాడు ఒకడు ముందు నిలబడ్డాడు. ఆ మాట చెప్పవలసిన బాధ్యత ప్రతి సంఘ నాయకుడిదీ.

పాటల వెనుక మనుషులు

ఆల్బమ్‌కు పేరిచ్చిన పాటను రాసిన జాన్ న్యూటన్ ఒకప్పుడు బానిసలను ఓడల్లో తరలించిన కెప్టెన్. 1748లో సముద్రంలో తుఫానులో చిక్కుకొని దేవుని వైపు తిరిగాడు. కానీ ఆ వ్యాపారం వెంటనే మానలేదు, ఇంకా కొన్నేళ్లు చేశాడు. తరువాత ఇంగ్లాండులోని ఓల్నీ అనే ఊళ్లో కాపరి అయ్యాడు. 1773 జనవరి 1న జరిగిన ఆరాధన కోసం ఈ పాట రాశాడు. 1788లో బానిస వ్యాపారాన్ని ఖండిస్తూ తాను చూసినదీ చేసినదీ బహిరంగంగా రాసి ప్రచురించాడు. ఇప్పుడు ఎక్కువగా వినబడే రాగం దానికి 1835లో అమెరికాలో కలిసింది.

ఓడ కెప్టెన్ రాసిన పాటను, ఆ ఓడల అడుగున వచ్చినవారి మునిమనుమరాలి తరం పాడుతోంది. ఆ మందిరంలో దాదాపు పదకొండు నిమిషాలు సాగిన ఆ పాట మధ్యలో జేమ్స్ క్లీవ్‌లాండ్ పియానో విడిచి, ముఖం కప్పుకొని ఏడ్చారు. కృప అంటే ఏమిటో వేదాంత కళాశాలలో మేము చాలా పుస్తకాల్లో చదివాం. ఆ పదకొండు నిమిషాలు ఆ పుస్తకాలకు తోడు పెట్టుకోదగినవి.

అదే ఆల్బమ్‌లో థామస్ డోర్సీ పాట కూడా ఉంది. డోర్సీ మొదట్లో బ్లూస్ గాయనుల వెనుక పియానో వాయించేవాడు. 1932లో ఆయన వేరే ఊళ్లో కూటాల్లో ఉండగా భార్య ప్రసవంలో చనిపోయింది, పుట్టిన బిడ్డ కూడా బతకలేదు. ఆ దుఃఖంలో ప్రభువు తన చెయ్యి పట్టుకొని నడిపించాలని ప్రార్థిస్తూ పాట కట్టాడు. ఆయన పాటల్లో బ్లూస్ వాసన ఉందని ఆ రోజుల్లో ఎన్నో సంఘాలు తలుపులు మూశాయి. అదే పాటను 1968లో మార్టిన్ లూథర్ కింగ్ అంత్యక్రియల్లో మహేలియా జాక్సన్ పాడారు. నేడు దాన్ని లోకసంబంధమైన పాట అనేవారు లేరు.

మన చరిత్ర కూడా ఇదే చెబుతుంది. పురుషోత్తమ చౌదరిగారు (1803–1890) తెలుగు సంఘాలకు మన దేశపు రాగాల్లో, తాళాల్లో కీర్తనలు ఇచ్చారు. ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో పాట పైన రాగం, తాళం అచ్చువేసి ఉంటాయి. ఆ రాగాల్లో మన మందిరాల్లో పుట్టినది ఒక్కటీ లేదు. ఒక శైలి కొత్తగా ఉందన్న ఒక్క కారణంతో దాన్ని తోసివేసేముందు మన పాటల పుస్తకాన్ని ఒకసారి తిరగేయడం మంచిది.

అభిమాని దగ్గర నేర్చుకోవలసినది

నిజమైన సంగీతాభిమానిని గమనించండి. అతడు ఆల్బమ్‌ను మొదటి పాట నుండి చివరి పాట దాకా వరుసగా వింటాడు. డ్రమ్స్ ఎవరు వాయించారో అతనికి తెలుసు. ఏ సంవత్సరం, ఏ ఊళ్లో రికార్డు చేశారో చెబుతాడు. మూడవ పాటలో రెండవ చరణం దగ్గర గొంతు ఎందుకు వణికిందో పక్కవాడికి వివరిస్తాడు. విన్న మంచిదాన్ని తనలో దాచుకోలేక నలుగురికి పంచుతాడు. వింటున్నప్పుడు వేరే పని చేయడు.

ఇక మన ఆదివారం సంగతి. ఆరాధనలో నాలుగు పాటలు పాడతాం. వాటిని రాసినవారెవరో ఎందరికి తెలుసు? ఏ శ్రమలో, ఏ ఆనందంలో ఆ పాట పుట్టిందో పిల్లలకు ఎవరైనా చెప్పారా? మూడవ చరణం ఆలస్యమవుతుందని వదిలేస్తాం. చాలాసార్లు పాట ముగింపు, నిరీక్షణ ఉండేది ఆ చరణంలోనే. ఆత్మతోనూ మనస్సుతోనూ పాడాలని పౌలు కొరింథు సంఘానికి రాశాడు (1 కొరింథీ 14:15). మనస్సు పెట్టడం అంటే ఏమిటో మన యువ అభిమానులకు ముందే తెలుసు. ఆ శ్రద్ధను మనం పాపమని పిలిచి ఆర్పేయకూడదు. దానికి మంచి పని ఇవ్వాలి.

అభిమానం తప్పేది ఎక్కడ?

అయితే అభిమానానికి ఒక అపాయం ఉంది, అది చెప్పకపోతే కాపరి పని సగమే చేసినట్టు. అభిమానికి అలవాటయ్యే స్థలం కుర్చీ. డబ్బు కట్టి, ముందు నిలబడినవారు తనను కదిలించాలని ఎదురుచూస్తాడు. ఆ అలవాటు మందిరంలోకి వస్తే, "ఈ రోజు వర్షిప్ బాగుంది", "ఈ రోజు అంత ఊపు లేదు" అని మార్కులు వేయడం మొదలవుతుంది. ఒక సంఘంలో శబ్దం బాగుందని ఇంకో సంఘానికి, అక్కడ గాయకుడు మారాడని మరో సంఘానికి తిరగడం మొదలవుతుంది. ఇది క్రైస్తవ ఆల్బమ్‌లు మాత్రమే వినేవారికి కూడా జరుగుతుంది. వినే పాటలు మార్చినంత మాత్రాన ఈ రోగం పోదు.

ఇందులో నాయకుల వంతు కూడా ఉంది. పాట బృందం వాయిద్యాల మోత సంఘం గొంతును మింగేస్తే, జనం పాడడం మానేస్తారు. పాడడం మానినవారు ఫోన్లు తీసి వీడియో పడతారు. హాలు నిండే ఉంటుంది, శబ్దం దద్దరిల్లుతూనే ఉంటుంది, పాడేది మాత్రం వేదిక మీది ఆరుగురే. మందిరాన్ని స్టేజీగా మారిస్తే యౌవనస్థులు నిలుస్తారనుకునేవారు ఇది ఆలోచించాలి. స్టేజీ కావాలనుకున్నవాడికి మనకంటే గొప్ప స్టేజీ ఊళ్లోనే దొరుకుతుంది. సంఘం మాత్రమే ఇవ్వగలిగినది అతని గొంతుకు ఒక చోటు.

పాట బాగుండి జీవితం బాగుండకపోతే దేవుడు ఆ పాటను వినడని ఆమోసు ప్రవక్త ద్వారా చెప్పించాడు. తమ పాటల ధ్వనిని తన యెదుటనుండి తీసివేయమని, న్యాయాన్ని ప్రవహించనివ్వమని ఇశ్రాయేలును అడిగాడు (ఆమోసు 5:23, 24). న్యూటన్ కృపను గూర్చి పాట రాసి, బానిస వ్యాపారం గురించి నోరు విప్పకుండా ఉండిపోయి ఉంటే ఆ పాట ఎలా వినబడేదో ఊహించండి.

మన సంఘాల్లో ఏం చేయవచ్చు?

మొదటిది, తల్లిదండ్రులకు. మీ అబ్బాయి, మీ అమ్మాయి ఎక్కువగా వినే ఆల్బమ్‌ను ఒకసారి వాళ్ల పక్కన కూర్చొని పూర్తిగా వినండి. అందులో ఏది నచ్చిందో అడగండి. చెబుతున్నంతసేపు అడ్డు రాకండి. ఆ మాటలు మనిషిని ఎక్కడికి తీసుకువెళ్తున్నాయో ఆ తరువాత కలిసి పరిశీలించండి. కొన్నిటిని వదిలేయమని చెప్పవలసి రావచ్చు. విన్న తరువాత చెప్పిన మాటకు బరువుంటుంది.

రెండవది, పాట బృందాలకు. ప్రతి ఆదివారం కనీసం ఒక పాటలో వాయిద్యాలన్నీ ఆపి, సంఘం గొంతు మాత్రమే వినబడనివ్వండి. ఆ నిమిషంలో మందిరం నిశ్శబ్దమైపోతే, ఇన్నాళ్లూ సంఘం పాడడం లేదని అర్థం. అక్కడినుండి పని మొదలుపెట్టండి. తెలియని కొత్త పాటలు వారానికి మూడు తేవడం మాని, నెలకు ఒకటి నేర్పండి.

మూడవది, కాపరులకు. సంగీతం మీద ప్రాణం పెట్టుకున్న యౌవనస్థుడికి నెలకు ఒకసారి ఐదు నిమిషాలు ఇవ్వండి. ఒక కీర్తన ఎవరు రాశారు, ఎందుకు రాశారు అని అతడే వెదికి సంఘానికి చెప్పాలి. చెప్పిన తరువాత అందరూ ఆ పాట పాడాలి. బ్యాండ్ల చరిత్ర కంఠస్థం చేసిన బుర్రకు ఇది కష్టమైన పని కాదు.

యౌవనస్థులారా, మీకు ఒక మాట. వాట్స్ మందిరంలో ఆ రెండు రాత్రులు మైకుల ముందు ఉన్నవారి పేర్లు ఆల్బమ్ అట్ట మీద ఉన్నాయి. బల్లల మీద కూర్చొని "అవును" అన్నవారి పేర్లు ఎక్కడా లేవు. వారు లేకుంటే ఆ ఆల్బమ్ లేదు. మీకు నచ్చిన బ్యాండ్‌కు మీరు ఎప్పటికీ ప్రేక్షకులుగానే ఉంటారు. మీ సంఘంలో మీరు ప్రేక్షకులు కారు. ఒకరికొకరు కీర్తనలతో బోధించుకోమని కొలొస్సయి సంఘానికి వచ్చిన ఆజ్ఞ (కొలొస్సయి 3:16) గొంతు బాగున్నవారికి మాత్రమే ఇచ్చినది కాదు. ఈ ఆదివారం పుస్తకం తెరవండి, ఫోన్ జేబులో పెట్టండి, మూడవ చరణం కూడా పాడండి. మీ పక్కన కూర్చున్న ముసలి తల్లికి కళ్లు సరిగా కనబడకపోతే, ఒక్కొక్క వరుస ముందుగా అందించండి.

ప్రభువు మన సంఘాలకు పాడే నోళ్లను, వినే చెవులను అనుగ్రహించును గాక.